దక్షిణం పక్క దుకాణాలు

మా నాయన గొంతు వినపడితే మా బజార్లో షట్టర్లు దిగేవి.

గొప్పకు చెప్పడం లేదు. మా ఊళ్ళో వర్తకం చేసేవాళ్ళలో ఎవరు పోయినా, శవం లేచే ముందు ఆటోకు మైకు కట్టి బజారంతా తిప్పుతారు. "వర్తక సోదరులకు విజ్ఞప్తి. మన సంఘ సభ్యులు ఫలానావారు ఈ ఉదయం స్వర్గస్థులైనారు. వారి అంతిమయాత్ర మన బజారు గుండా సాగుతుంది. గౌరవసూచకంగా అందరూ షట్టర్లు దించి సహకరించవలసిందిగా కోరుతున్నాము." ఆ మాటలు చెప్పే మనిషి మా నాయన హనుమంతరావు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనే. పాడె మలుపు తిరిగిందనగానే ఈ కొస నుంచి ఆ కొస దాకా గరగరమంటూ షట్టర్లు దిగేవి. బేరం మధ్యలో ఉన్నా సరే, తక్కెడలో సరుకున్నా సరే. పోయినవాడిది బంగారం కొట్టా, బెల్లం కొట్టా అన్న తేడా లేదు. పాడె దాటిపోయాక మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు.

"ఒకరు పోతే అందరం ఆగుతాం. సంఘమంటే అదే," అనేవాడు నాయన. బోర్డు మీద చాంబర్ ఆఫ్ కామర్స్ అని పెద్ద పెద్ద అక్షరాలుంటాయి గానీ నోటితో అందరూ సంఘమనే అంటారు. ఎండాకాలం చలివేంద్రం పెట్టేది సంఘమే, వీధి దీపాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది సంఘమే, ఇద్దరు వ్యాపారులు కొట్టుకుంటే కూర్చోబెట్టి కలిపేది సంఘమే. మా నాయనకు ఇంట్లో దేవుడి పటాల తర్వాత సంఘం గ్రూపు ఫోటో. ఆ పటం తుడవకపోతే అమ్మను కోప్పడేవాడు. మొన్నటి వేసవి దాకా ఆ పటం గోడకే ఉంది.

నా పేరు అమూల్య. పెళ్ళయి పక్క వీధిలోనే కాపురం ఉంటున్నాను. పొద్దున్నే పిల్లను అమ్మ దగ్గర వదిలి, నాయనతో దుకాణంలో కూర్చుంటాను. మాది ఇనుప సామాన్ల దుకాణం. పారలు, గడ్డపారలు, కొడవళ్ళు, గొడ్డళ్ళు, తాళ్ళు, గొర్రెల మెడకు కట్టే గంటలు. రాచర్ల వైపు నుంచి గొర్రెల కాపర్లు, కంభం వైపు నుంచి రైతులు మా దుకాణానికే వస్తారు. నాకు నోరెక్కువని ఊళ్ళో పేరు. ఉంటే ఉండనీ. నోరు తక్కువైన వాళ్ళంతా ఏం బాగుపడ్డారో ఆ వేసవిలో చూశాను.

ఉగాది ముందర రోడ్డు వెడల్పు చేస్తామని రోడ్ల ఆఫీసువాళ్ళు కొలతలకు వచ్చారు. మా బజారుకు ఉత్తరం పక్క ఒక వరస, దక్షిణం పక్క ఒక వరస. మాది దక్షిణం పక్క. టేపులు పట్టుకొని రోడ్డు మధ్య నుంచి ఇటెంతో అటూ అంతే కొలిచి, రెండు పక్కలా గోడల మీద ఎర్ర రంగుతో గీతలు పెట్టి పోయారు. మా దుకాణానికి మెట్లూ, ముందు అరుగూ, పైన రేకుల పందిరీ పోతాయి. గీత షట్టరు దాకా రాలేదు. మా పక్కనే ఉన్న టైలర్ ప్రభుదాస్ షాపుకూ అంతే. ఎదురుగా ఉత్తరం పక్కన ఉన్న మూడంతస్తుల బట్టల షాపుకు మాత్రం గీత షోకేసు అద్దాలు దాటి లోపలి స్తంభం మీద పడింది. ఆ షాపు సంఘం అధ్యక్షుడు రంగనాయకులుది.

ఆ సాయంత్రం నాయన గీత చూసుకొని తేలిగ్గానే తీసుకున్నాడు.

"మెట్లు పోతే పోనీలేమ్మా. మళ్ళా లోపలికి జరుపుకోని కట్టుకుంటాం. రోడ్డు పెద్దదైతే మనకే మంచిది, ట్రాక్టరు ముందరే ఆపుకోని సామాన్లు ఎత్తుకోవచ్చు," అన్నాడు.

ఆ మాట మీద ఆయన్ను వదిలేసి ఉంటే ఈరోజు మా దుకాణం మాకుండేది. వదల్లేదు. రెండోరోజే సంఘం హాల్లో మీటింగు పెట్టారు.

నేనూ పోయాను. రంగనాయకులు తెల్ల చొక్కా, నుదుట కుంకుమ బొట్టు, చేతులు జోడించి అందరినీ పలకరిస్తూ వచ్చాడు. ఆయన మాట్లాడితే ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది, అదే ఆయన పెట్టుబడి. మైకు పట్టుకొని అన్నాడు:

"ఈరోజు మెట్లడుగుతారు. రేపు గోడలడుగుతారు. ఒక్క ఇటుక కూడా ఇచ్చేది లేదు. మన సంఘం ఉండేది దేనికి? ఒక్కటే చెప్తాండా వినండి. ఎవరూ విడిగా ఆఫీసుకు పోవద్దండి. మావి మెట్లే కదా ఇచ్చేస్తామని ఎవరూ ఒప్పుకోవద్దండి. మాట్లాడేది ఏదైనా సంఘం మాట్లాడతాది."

వెనక వరసలో ప్రభుదాస్ లేచి నిలబడ్డాడు. మెతక మనిషి. గొంతు కూడా సరిగా పెగలదు.

"అన్నా, మా పక్కన పోయేది మెట్లే. ఇచ్చేస్తే పీడ పోతాది గదన్నా. పని చేసుకునేటోళ్ళం."

రంగనాయకులు నవ్వాడు. "ప్రభుదాసూ, నీ షాపు తగలబడినప్పుడు మంట నువ్వొక్కడివే ఆర్పుకున్నావా?"

ప్రభుదాస్ తల వంచుకొని కూర్చున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు కరెంటు తీగలు అంటుకొని అతని షాపు బూడిదైంది. అప్పుడు సంఘమే నిలబెట్టింది, కాదనను. ఒకరు కుట్టుమిషను ఇచ్చారు, ఒకరు గుడ్డ ఇచ్చారు, షాపు బాగయ్యేదాకా అతను మా అరుగు మీదే కూర్చొని బట్టలు కుట్టాడు. చేసిన సాయం పది మందిలో ఎత్తి చూపితే ఇక మనిషి నోరు లేస్తుందా. నాకు చిరాకేసింది గానీ, నాయన మాత్రం చప్పట్లు కొట్టాడు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా అదే మాట.

"చూసినావా, సంఘమంటే అట్ల ఉండాల."

"నీ మెట్లు నువ్వు ఇస్తానంటివి కదా నాయనా నిన్న," అన్నాను.

"నేనొక్కణ్ణి ఇస్తే వరసంతా ఇయ్యాల్సి వస్తాది. ఎదురుగా ఆయప్ప షాపు స్తంభం పోతాది. మన మెట్లకూ ఆ స్తంభానికీ ఒకటే లెక్కా?" అన్నాడు.

చూడండి మా నాయన మనసు. ఎదుటివాడి స్తంభం కోసం తన మెట్లు పట్టుకొని కూర్చున్నాడు.

ఎండలు ముదిరాయి. ముంగారు వానలకు ముందు రైతులు పనిముట్లు సవరించుకునే కాలం, మాకు మంచి సీజను. ఒక మధ్యాహ్నం నేను గల్లాలో కూర్చొని ఉంటే, మా వరస చివరన రెండు లారీలు ఆగాయి. అక్కడ రంగనాయకులుకు ఎరువుల గోడౌను ఉంది. ఆయనకు దక్షిణం పక్కన ఉన్నది అదొక్కటే. హమాలీలు బస్తాలు మోసి లారీలకెత్తుతున్నారు. సాయంత్రానికి గోడౌను ఖాళీ అయింది. తలుపులూ, కిటికీ చువ్వలూ కూడా విప్పుకొని పోయారు. అడిగితే సున్నం కొట్టిస్తారంట అన్నాడు హమాలీ.

నేను నాయనతో అన్నాను, "ఎరువుల సీజను ముందర పెట్టుకోని గోడౌను ఖాళీ చేస్తారా ఎవరన్నా? సున్నం కొట్టేదానికి కిటికీలు పీకుతారా?"

"నీకు అన్నీ అనుమానాలే. ఆయప్ప గోడౌను ఆయప్ప ఇష్టం," అని కసిరాడు. "పొద్దస్తమానం ఎదుటోళ్ళ ఇండ్లల్లోకి చూసుకుంట కూర్చుంటే బేరాలెప్పుడు చేస్తావు?"

నాకు కోపమొచ్చి ఆ పూట భోజనం కూడా చేయలేదు. మా అమ్మ తులసమ్మ కంచం ముందు పెట్టుకొని ఇద్దరినీ తిట్టింది.

ఆ వారంలోనే రంగనాయకులు మా దుకాణానికొచ్చాడు. ఎప్పుడూ రాడు, పిలిపించుకుంటాడు. ఆ రోజు మా అరుగు మీద కూర్చొని, అమ్మ పంపిన మజ్జిగ తాగి, నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"హనుమంతన్నా, గురువారం బంద్ చేస్తాండాం. అందరం మార్కాపురం పోయి పెద్దాఫీసరును కలిసి అర్జీ ఇస్తాం. వ్యాన్లు నేను మాట్లాడినా. బజార్లో ఒక్క షట్టరు తెరిచి ఉండకూడదు, ఒక్క మనిషి ఉండకూడదు. అందరం పోతేనే బలం. ఆ మాట నువ్వు మైకులో చెప్పాల. నేను చెప్తే రాజకీయమంటారు. నీ గొంతంటే ఊరు వింటాది."

నాయన మొహం వెలిగిపోయింది. "నువ్వు చెప్పాలనా అన్నా. అది నా డ్యూటీ," అన్నాడు.

గురువారం పొద్దున్నే ఆటో వచ్చింది. నాయన తెల్ల పంచె కట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. "వర్తక సోదరులకు విజ్ఞప్తి. మన దుకాణాలు మనం కాపాడుకునే రోజు ఇది. అందరూ షట్టర్లు దించి, ఇంటికొకరు కాదు, అందరూ కదిలి రావలసిందిగా కోరుతున్నాము." ఈ కొస నుంచి ఆ కొస దాకా షట్టర్లు దిగాయి. మాది నేనే దించాను. నాయన వంగి రెండు పక్కలా తాళాలు వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

అప్పుడే రాచర్ల నుంచి మస్తానమ్మ వచ్చింది. వాళ్ళకు పెద్ద గొర్రెల మంద ఉంది. ఎండాకాలం మేత లేక మందను కొండ వైపు తోలుకుపోతారు. పోయే ముందు ఏటా మా దగ్గరే సామాన్లు కొంటుంది. చెమటలు కారుతూ ఆటో దిగి, మూసిన షట్టరు చూసి నిలబడిపోయింది.

"అన్నా, తాళ్ళు కావాల. గొడ్డలి కావాల. మంద రేపు తెల్లారి కదులుతాది."

"ఈరోజు బంద్ తల్లీ. రేపు రా."

"రేపటికి కొండెక్కిపోతాం. సగం తెరిచి ఇచ్చేసి మళ్ళా మూసుకో అన్నా. నేనేం అందరికీ చెప్తానా?"

నేను తాళంచెవి కోసం చెయ్యి చాపాను. నాయన ఇవ్వలేదు.

"సంఘం మాట తల్లీ. నేనే మైకులో చెప్పి నేనే తెరిస్తే ఎట్ల?"

"నువ్వు మూస్తే నేనెక్కడ కొనాలన్నా?" అంది మస్తానమ్మ. కంభం ఆటో కోసం స్టాండు వైపు నడిచిపోయింది.

మార్కాపురంలో ఆఫీసు ముందర షామియానా వేశారు. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. ముందు వరసలో మా నాయన. ఆయన ఒక నినాదమిస్తే వెనక మేమంతా అందుకున్నాం. పెద్దాఫీసరు మీటింగులో ఉన్నాడన్నారు, కాసేపట్లో వస్తాడన్నారు. రంగనాయకులు లోపల మాట్లాడుతున్నాడన్నారు. ఎండ నడినెత్తికెక్కింది. అప్పుడు నా ఫోను మోగింది. అమ్మ.

"అమూల్యా, బజార్లో జేసీబీ మిషన్లు తిరుగుతాండాయి. మన కొట్టు పడగొడతాండారు." వెనక నా కూతురు ఏడుస్తోంది. "నేను అడ్డం పోయినా. పోలీసమ్మాయి పక్కకు లాగేసింది. నాయనకు చెప్పు, తొందరగా రాండి."

నాయనతో చెప్పాను. ఆయన నమ్మలేదు.

"అట్లెట్ల పడగొడతారు? సంఘమంతా ఇక్కడే ఉంది కదా," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రంగనాయకులు కోసం ఆఫీసు లోపలికి పోయి చూశాను. లోపల లేడు. ఆయన కారూ లేదు. వ్యాను డ్రైవర్లేమో సాయంత్రం దాకా కదలొద్దని చెప్పినారమ్మా అన్నారు. ఎవరు చెప్పారంటే ఇంకెవరు, వ్యాన్లు మాట్లాడినాయనే. నేనూ, నాయనా, ప్రభుదాస్ రోడ్డు మీదికొచ్చి మా గిద్దలూరు పోయే బస్సెక్కాం. బస్సులో ప్రభుదాస్ కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాడు. నాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

దిగేసరికి దుమ్ము ఇంకా అణగలేదు. దక్షిణం పక్క వరస మొత్తం లేదు. మెట్లు కాదు, అరుగులు కాదు, షట్టర్లూ గోడలూ పైకప్పులూ ఏవీ లేవు. మా దుకాణానికి వెనక గోడ, దానికి ఆనుకొని పడక మంచమంత జాగా మిగిలాయి. షట్టరు నలిపి పారేసిన విస్తరాకులా రోడ్డు పక్కన పడి ఉంది. తాళ్ళ కట్టలు, పారలు, గంటలు మట్టిలో కలిసిపోయాయి. ఎవరి కాలో తగిలి రాళ్ళ కింద ఒక గొర్రె గంట మోగింది.

ఎదురుగా ఉత్తరం పక్క ఒక్క ఇటుక కదల్లేదు. బట్టల షాపు షోకేసులో బొమ్మలు చీరలు కట్టుకొని మమ్మల్నే చూస్తున్నాయి. ఆ స్తంభం మీద ఎర్ర గీత కూడా లేదు. కొత్తగా రంగేశారు.

జేసీబీ పక్కన ఒక మేస్త్రీ లాంటివాడు టీ తాగుతున్నాడు. పోయి అడిగాను.

"మాది మెట్ల దాకే కదా గీత పెట్టింది? ఇదేంది?"

"అది పాత కొలతమ్మా," అన్నాడు. "మాకేం తెలుసు, చెప్పింది చేస్తాం. రెండు పక్కలా కొంచెం కొంచెం కాకుండా ఒక పక్కే మొత్తం తీసుకోమని మీ సంఘమోళ్ళే ఒప్పుకున్నారంట. ఈరోజయితే జనముండరు, గొడవుండదని కూడా వాళ్ళే చెప్పినారంట."

నేను వెనక్కి తిరిగి చూశాను. నాయన విన్నాడు. విననట్టు రాళ్ళ మీద నడుచుకుంటూ షట్టరు ఉండిన చోటికి పోయాడు. మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. వంగి నేల వైపు చూశాడు. తాళంచెవి మళ్ళీ మొలతాడుకు కట్టుకున్నాడు.

"మబ్బు పట్టింది. సామాన్ల మీద పట్ట కప్పాల," అన్నాడు.

ప్రభుదాస్ తన కుట్టుమిషను కోసం రాళ్ళు తొలగిస్తున్నాడు. అమ్మ చీర కొంగు నిండా గంటలు ఏరి పెట్టుకొని నిలబడి ఉంది.

ఇక సంఘం ఏం చేసింది అంటారా? సన్మానం చేసింది. నిజంగానే. నెల తిరక్కుండా హాల్లో సభ పెట్టారు. "మన బజారు - మన బలం" అని ఫ్లెక్సీ. రంగనాయకులు మైకు పట్టుకొని, ఎంతో పోరాడినామనీ, బజారంతా పోవాల్సింది సగమన్నా కాపాడుకున్నామనీ చెప్పాడు. గోడౌను తనకూ పోయిందట, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఖాళీ గోడౌను. పోయినవాళ్ళది త్యాగమట, ఊరు మరిచిపోదట. తర్వాత త్యాగం చేసినవాళ్ళను ఒక్కొక్కరినీ స్టేజీ మీదికి పిలిచి శాలువాలు కప్పడం మొదలుపెట్టారు. మొదటి పేరు హనుమంతరావు.

నాయన లేచాడు. నేను ఆయన వెనకే లేచి పోయాను. శాలువా కప్పేదాకా ఆగి, మైకు ముందర నిలబడ్డాను.

"అన్నా, ఒక మాట. మా స్తంభం పోతాది, మీ పక్కే తీసుకోనీయండి అని మా నాయన్ను అడిగి ఉంటే, ఆయన ఆలోచించకుండా ఇచ్చేటోడు. మీకు తెలుసు ఆ సంగతి. ఆయన గొంతుతో బజారు ఖాళీ చేయించి, ఆయన దుకాణమే కూలగొట్టిస్తిరి. ఇది సంఘమా? దీన్ని ఏమంటారో మీరే చెప్పండి."

రంగనాయకులు మొహంలో నవ్వు చెదరలేదు.

"అమ్మాయ్, నీ బాధ నాకర్థమవుతాది. ఆవేశపడొద్దు. పరిహారం కోసం సంఘం మీ తరఫున పోరాడతాది."

"మీరు పోరాడొద్దన్నా. మీరు పోరాడితే ఆ వెనక గోడ కూడా పోతాది."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. దక్షిణం పక్క వాళ్ళే అయ్యుంటారు. నాయన నా మోచెయ్యి పట్టుకొని కిందికి తీసుకొచ్చాడు. శాలువా భుజం మీదే ఉంది.

ఇంటికొచ్చాక ఆగలేకపోయాను. "ఆ శాలువా ఎందుకు కప్పించుకుంటివి? ఆయప్ప మొహాన కొట్టి రావాల్సింది."

"పది మందిలో ఇచ్చినప్పుడు కాదంటే మర్యాద కాదు," అన్నాడు. గొంతులో బలం లేదు. "నలభై ఏండ్ల సంఘం అమ్మా. ఒక మనిషి తప్పు చేస్తే సంఘం తప్పవుతాదా?"

"మిగతావాళ్ళు నోరు తెరిచినారా మరి? ఉత్తరం పక్క ఒక్కడన్నా వచ్చి ఇట్ల జరిగింది అన్నాడా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి శాలువా అందుకొని మడత పెట్టింది.

"కొట్టుకు తలుపు లేదు. రేపటి నుంచి నాయనా కూతుళ్ళిద్దరూ ఇది కప్పుకోని కూర్చోండి," అంది.

మృగశిర కార్తె వచ్చింది. వెనక గోడకు మేకులు కొట్టి నీలం పట్ట కట్టుకున్నాం. దాని కిందే సామాన్లు, దాని కిందే మేము. పక్కన ప్రభుదాస్ గొడుగు పాతుకొని మిషను పెట్టుకున్నాడు. మా దుకాణం ఉండిన చోట కొత్త తారురోడ్డు. దాని మీద బట్టల షాపుకొచ్చే వాళ్ళ కార్లు వరసగా ఆపుతున్నారు. కారు తలుపు తీస్తే మా పారలకు తగులుతుంది. కొంచెం జరుపుకోమ్మా అని నాకే చెప్తారు. మా నాయన గల్లా ఉన్న చోట నిలబడి చెప్తారు. ఒళ్ళు మండిపోయేది. నాయన మాత్రం సామాన్లు ఇంకాస్త గోడకు జరుపుకునేవాడు. ఆయన సంఘం హాలు వైపు పోవడం మానేశాడు గానీ, నోరు విప్పి ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం చూస్తే నాకు రంగనాయకులు మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపమొచ్చేది.

ఒకరోజు పొద్దున రంగనాయకులు తండ్రి పోయాడు. పండు ముసలాయన. చిన్నప్పుడు నాకు పప్పుబెల్లాలు పెట్టేవాడు, ఆయన మీద నాకేం కోపం లేదు. కానీ గంట గడవక ముందే మైకు కట్టిన ఆటో వచ్చి మా పట్ట ముందర ఆగింది.

"హనుమంతన్నా, అధ్యక్షుడు నిన్నే పిలుచుకోని రమ్మన్నాడు. నువ్వయితేనే బాగుంటాదంట," అన్నాడు డ్రైవరు.

"చెప్పనని చెప్పు నాయనా," అన్నాను. "ఇంకా ఏం మిగిలిందని చెప్తావు?"

నాయన నా వైపు చూడలేదు. గుడ్డ సంచీలోంచి కండువా తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. ఆటో ఎక్కాడు. నేను ప్రభుదాస్ వైపు చూశాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఈ మనిషి ఇక మారడు అనుకున్నాను.

ఆటో ఆ కొసకు పోయింది. గొంతు వినపడింది. ఎప్పటి గొంతే.

"వర్తక సోదరులకు విజ్ఞప్తి. మన సంఘ పెద్దలు, అధ్యక్షుల వారి తండ్రిగారు, ఈ ఉదయం స్వర్గస్థులైనారు. వారి అంతిమయాత్ర మన బజారు గుండా సాగుతుంది." అక్కడ ఆగాడు. ఎప్పుడూ ఆగడు. "గౌరవసూచకంగా, షట్టర్లు ఉన్నవాళ్ళు దించవలసిందిగా కోరుతున్నాము. లేనివాళ్ళు పని చేసుకోవచ్చు."

ప్రభుదాస్ చేతిలో కత్తెర ఆగిపోయింది. నేను సరిగా విన్నానా లేదా అనుకుంటుండగానే ఆటో దగ్గరికొచ్చింది. మళ్ళీ అదే మాట. ఒక్క అక్షరం మారలేదు, గొంతు పెంచలేదు. షట్టర్లు ఉన్నవాళ్ళు దించవలసిందిగా కోరుతున్నాము. లేనివాళ్ళు పని చేసుకోవచ్చు. ఉత్తరం పక్క వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి వింటున్నారు. డ్రైవరు బిత్తరపోయి ఆటో ఆపేశాడు. నాయన బజారు ఈ కొస దాకా పోనిమ్మన్నాడు. చివరి దాకా పోయి, వెనక్కి తిరిగొచ్చి, మా పట్ట ముందర దిగాడు. మైకు సీటు మీద పెట్టాడు.

"ఇంకొకరిని చూసుకోమని చెప్పు," అన్నాడు డ్రైవరుతో.

అప్పటికే మస్తానమ్మ వచ్చి పట్ట కింద కూర్చొని ఉంది. వానలు పడ్డాయని మందను కొండ నుంచి దించుకొచ్చారట. కంభంలో కొన్న తాడు నాలుగు వారాలకే పురి విడిపోయిందని, మంచి తాడు కావాలని వచ్చింది. నాయన కింద కూర్చొని తాడు కట్ట విప్పాడు.

డప్పులు వినపడ్డాయి. పాడె మలుపు తిరిగింది. ఉత్తరం పక్కన గరగరమంటూ షట్టర్లు దిగాయి. ఒక పక్కే దిగితే ఆ చప్పుడు ఎంత తక్కువో నాకు అప్పుడే తెలిసింది. మా పక్క కొబ్బరికాయల బండి దగ్గర బేరం జరుగుతూనే ఉంది. ప్రభుదాస్ నాయన వైపు ఒకసారి చూసి, మిషను తొక్కడం మొదలుపెట్టాడు. డప్పుల మధ్య ఆ టకటక స్పష్టంగా వినపడింది.

పాడె ముందు రంగనాయకులు తడిబట్టలతో, చేతిలో నిప్పుకుండతో నడుస్తున్నాడు. మా ముందరికి రాగానే అడుగు తడబడింది. ఉన్నట్టుండి నాయన వైపు చూశాడు. ఏదో అడగబోతున్నట్టు, అడగలేనట్టు. అడిగే మొహం ఆయనకు మిగల్లేదు. నాయన ఆయన్ను చూడలేదు. పాడె ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం కూర్చున్న చోటి నుంచే రెండు చేతులూ జోడించి, పోయిన పెద్దాయనకు దణ్ణం పెట్టాడు. అంతే. లేవలేదు. మళ్ళీ తాడు అందుకున్నాడు.

మస్తానమ్మకు ఏం చేయాలో తోచలేదు. అప్పుడు మూసిన షట్టరు ముందు నిలబడ్డ సంగతి గుర్తుందేమో, సంచీ సర్దుకుంటూ లేవబోయింది.

"పోయి తర్వాత రమ్మంటావా అన్నా?"

నాయన తాడు కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస పట్టుకొని బారలు కొలవడం మొదలుపెట్టాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు. "ఈ పక్క తెరిచే ఉంటాది."